బోదకాలు: వాచిన కాళ్ల లెక్క చాలదు

బోదకాలు వయసు మళ్లిన వారి జబ్బని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 40వ ఏట వాచిన కాలికి బీజం తరచు చిన్నతనంలోనే పడి ఉంటుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు కుట్టడం వల్ల సన్నని పురుగులు ఒంట్లో చేరతాయి. ఒంట్లోని ఊటనీటిని తిరిగి నెత్తురులో కలిపే శోషరస నాళాల్లో అవి 6 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రివేళ నెత్తురులో తిరుగుతాయి. ఆ మనిషికి వాపు, నొప్పి లేకపోయినా, అతన్ని కుట్టిన దోమ జబ్బును ఇరుగుపొరుగుకు మోసుకుపోతుంది.

కనుక వాచిన కాళ్లను లెక్కపెడితే పాత జబ్బే తెలుస్తుంది. ఇప్పటి సంగతి రాత్రి తీసిన నెత్తురు చుక్క చెబుతుంది. జబ్బు కొత్తగా అంటడం ఆగిందో లేదో తేల్చడానికి 6, 7 ఏళ్ల పిల్లలను పరీక్షించేది ఇందుకే. మగవారిలో ఇది వరిబీజంగానూ వస్తుంది. ప్రపంచంలో సుమారు రెండున్నర కోట్ల మందికి ఇలా వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సిగ్గుతో దాచుకోవడం వల్ల ఇది లెక్కకు అందదు.

ఈ జబ్బుపై దేశంలో 1955లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఊరందరికీ ఏటా మాత్రలు మింగించే పద్ధతి వచ్చింది. 2027 నాటికి నిర్మూలించాలన్నది కేంద్రం పెట్టుకున్న గడువు.

మనూర్, నారాయణఖేడ్ ప్రాంతపు తండాల నుంచి ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో చెరకు నరకడానికి వలస పోతాయి. అటువంటి వేళ మాత్రలు పంచితే తాళం వేసిన ఇల్లు తప్పిపోతుంది. ఉన్నవారిలోనూ కొందరు మాత్రలు తీసుకుని గూట్లో పెడతారు. రికార్డులో పంచిన మాత్రలు కనిపిస్తాయి, మింగినవి కనిపించవు.

మాత్రల పంపిణీ జరిగినప్పుడు సిబ్బంది ఎదుటే మింగించాలి. వలస వెళ్లినవారు తిరిగి రాగానే వారి ఇళ్లకు మళ్లీ వెళ్లాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప అందరూ అన్నం తిన్నాక వేసుకోవాలి. కొందరికి జ్వరం, తలతిరగడం వస్తే చాలావరకు అది ఒంట్లోని పురుగులు చావడం వల్లనే; తగ్గకుంటే ఆసుపత్రికి వెళ్లాలి.

కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటే జ్వరాలు, పుండ్లు తగ్గుతాయి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. వాచిన కాలు మామూలు కావడం కష్టం. పిల్లల కాళ్లు వాచకుండా చూడడం మాత్రం ఊరి చేతిలోనూ, అధికారుల చేతిలోనూ ఉంది.