జేజూ ద్వీపమును బార్కసును

మా సహోపాధ్యాయులొకరు సకుటుంబముగా జేజూ ద్వీపమునకు పోయి వచ్చిరి. కొరియాకు దక్షిణముగా సముద్రమధ్యమున నున్న యీ ద్వీపము పేరు పదియేండ్ల క్రిందట మన యిండ్లలో వినబడినది కాదు. ఇప్పుడో, కొరియా ధారావాహికల పుణ్యమా యని, మన పిల్లలకు గోదావరి పాయల పేర్లకంటె నచటి యూళ్ళ పేర్లే బాగుగ వచ్చును. మిత్రుల యింట ఫలహారమైన పిదప మాకు మూడు వందల ఛాయాచిత్రములు చూపబడినవి. 1,947 మీటర్ల యెత్తుగల హల్లాసాన్ అగ్నిపర్వతము, కరగిన రాయి ప్రవహించి తొలిచిన గుహలు, నారింజతోటలు, సముద్రములో మునిగి గుల్లలు తెచ్చు ముసలమ్మలు. “ప్రకృతియు సంస్కృతియు ఒక్కచోట చూడవలెనన్న అచటికే పోవలెనండీ” అని వారనిరి. మేమును సంతోషించితిమి. పిదప మాటవరుసకు, “2018లో ఆ ద్వీపమునకు వచ్చిన యెమెనీయుల సంగతి యెవరైన చెప్పిరా? మన బార్కసువారి పూర్వులది ఆ దేశమే గదా” అని యడిగితిమి. “బార్కసా? ఆ వైపునకు మనవాళ్ళు పోరు గదండీ” అని వారు నవ్విరి.

ఆ నవ్వే మాచేత నీ వ్యాసము వ్రాయించుచున్నది.

దూరయాత్రను నిందించుట మా యుద్దేశము కాదు. సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తము విధించిన పెద్దలతో పోరాడినవారి వారసులము మనము. ఆ పోరాటఫలమును అనుభవించువారిని చూచి కన్నెఱ్ఱ చేయుదుమా? మా తగవు వేఱు. సంస్కృతి యను మాటకు మూలమైన ధాతువు చేయుటను తెలుపునది, చూచుటను కాదు. మనుష్యులు తమ బ్రదుకులో చేయుచుండునది సంస్కృతి. దానిని కొండవలె, జలపాతమువలె ఎదుట నిలిచి చిత్రము తీసికొని రావచ్చుననుకొనుటయే పొరపాటు.

మా మిత్రులు విమానము దిగిన తావునే చూడుడు. 1948 ఏప్రిలు 3వ తేదీన జేజూలో నొక తిరుగుబాటు లేచినది. దానిని అణచు నెపమున ప్రభుత్వ బలగములు ఊళ్ళకూళ్ళు తగులబెట్టెను. కొన్నియేండ్లలో ఇరువదియైదు, ముప్పది వేలమంది చచ్చిరని లెక్క, ద్వీపజనమున పదవవంతు. ప్రాణములు దక్కించుకొన్నవారిలో ననేకులు పడవలెక్కి జపానునకు పాఱిపోయిరి. ఆ మాట బయట చెప్పుటయే నేరమైన కాలము చాల యేండ్లు నడచినది. 2000లో గాని విచారణకు చట్టము రాలేదు, 2003లో గాని దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పలేదు. 2007 మొదలు 2009 వఱకు ఆ విమానాశ్రయపు నేలను త్రవ్వగా వందలకొలది అస్థిపంజరములు బయలుపడినవి. శ్వాసయంత్రమేమియు లేక ఊపిరి బిగబట్టి సముద్రమున మునుగు ఆ స్త్రీల విద్యను 2016లో యునెస్కోవారు మానవజాతి సంపదగా గుర్తించిరి; వారి తల్లులును అమ్మమ్మలును ఆ దినములను దాటి వచ్చినవారే. మిత్రుల మూడు వందల చిత్రములలో వారి రబ్బరు దుస్తులు మాత్రము చక్కగా పడినవి.

ఇక యెమెనీయులు. యాత్రికులను ఆకర్షించుటకై ఆ ద్వీపమున పెక్కు దేశములవారిని వీసా లేకయే రానిచ్చు నియమ మొకటి కలదు. స్వదేశమున యుద్ధమునకు తాళలేక పాఱిపోయిన యెమెనీయులు ఐదువందలకు మించి, మలేసియా మీదుగా, 2018లో ఆ తలుపుననే లోనికి వచ్చిరి. జూను 1వ తేదీనుండి యెమెనుకు ఆ తలుపు మూయబడెను. వారిని ఉంచవలదని అధ్యక్షునికి పంపిన విన్నపముపై ఏడు లక్షలకు పైగా చేవ్రాళ్ళు పడినవి. ద్వీపమున కొందఱు గృహస్థులును, క్రైస్తవ ధర్మసంస్థలును వారికి నీడ యిచ్చిరి. చేపల పడవలలోను భోజనశాలలలోను పని దొరకినది. కడకు శరణార్థులుగా గుర్తింపబడినవారు ఇద్దఱు. నాలుగు వందలకు పైబడినవారికి తాత్కాలికముగా నుండుటకు మాత్రము అనుమతి కలిగెను. తాము పడవలెక్కి పరదేశమున తలదాచుకొన్నవారి బిడ్డలు, తమ గుమ్మమున నిలిచిన పరదేశిని ఎట్లు చూచిరి? ఆ ద్వీపపు సంస్కృతి తెలియగోరువాడు అడుగవలసిన ప్రశ్న యిదియని మా యభిప్రాయము.

ఆ ప్రశ్నను మనలను మనము అడుగుకొనుటకు విమానపు చీటీ యక్కఱలేదు. చార్మినారునకు దక్షిణముగా కొన్ని మైళ్ళలో, చాంద్రాయణగుట్ట దరిని బార్కసున్నది. సిపాయిల బారకాసులు గనుక ఆ పేరు. నైజాము కొలువునకు యెమెనులోని హద్రమౌత్ సీమనుండి అరబ్బులు తరతరములుగా వచ్చి యిచట కాపురముండిరి. వారిలో ఖుఐతీ వంశపు జమాదారు లిచట సంపాదించిన ధనముతో హద్రమౌత్‌లో నొక రాజ్యమునే స్థాపించిరి. అది 1967 వఱకు నిలిచినది. ఒక అరబ్బు రాజ్యమునకు పునాది హైదరాబాదు జీతపురాళ్ళతో పడినదని మన విద్యార్థులలో నెందఱికి తెలియును? మన పాఠ్యపుస్తకములు వ్రాయువారికైనను తెలియునో లేదో.

జేజూ తగులబడిన ఆ 1948లోనే, సెప్టెంబరులో, భారతసైన్యము నైజామును లోబఱచుకొనెను. అరబ్బు దళములు రద్దయ్యెను. అనేకులు నిర్బంధింపబడిరి, ఎందఱో ఓడలెక్కింపబడి ఏడెను రేవునకు పంపబడిరి. మిగిలినవారు తుపాకి దించి దుకాణము పెట్టుకొనిరి, ఇచటనే పిల్లలను కనిరి. రంజానులో నగరమంతయు బారులు తీఱి తినునది వారు తెచ్చిన గోధుమ మాంసముల వంటకమునుండి పుట్టినదే. వారును ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును వాయించిన మర్ఫా వాద్యమునుండియే మన తీన్‌మారు దరువు పుట్టెను. బోనాల జాతరలో ఆ దరువునకు పాదము కదపని తెలుగువాడు కలడా? అయినను బార్కసునకు మనవాళ్ళు పోరు!

ఇచట కొందఱు చదువరులు ఆక్షేపింపవచ్చును: “పాతనగరమున గల్ఫు ముదుసళ్ళకు బాలికలను కట్టబెట్టుట మీ రెఱుగరా?” ఎఱుగుదుము. అది క్రౌర్యము, ఆ పెండ్లిండ్లు కుదుర్చువారిని చెఱసాలకు పంపవలెననుటలో మాకు సందేహము లేదు. కాని కన్యాశుల్కము 1892లో రంగమెక్కినది అరబ్బుల నుద్దేశించి కాదు గదా. ఆడపిల్లను ముసలివాని కమ్మిన పాపమును కడుగుకొనుటకు మనకు ఎన్ని తరములు పట్టినవో తలచుకొన్నవాడు పొరుగువానిని వెలివేయడు. పోయి వానిలోని సంస్కర్తల ప్రక్కను నిలుచును. వెలి మన ప్రాచీనవ్యాధి. దానికి ఇప్పుడు “ఆ వైపునకు పోరు” అను మృదువైన పేరు వచ్చినది, అంతే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, దారిలో హైదరాబాదున దిగి, అచటి జనుల నడవడియు వ్యవహారములును ఓపికగా వ్రాసికొనిరి. వారు పోవుచున్నది తీర్థమునకు. అయినను నడుమ కనబడిన మనుష్యులు వారికి అడ్డము కాలేదు.

మే మొక సాయంకాలము బార్కసునకు పోయితిమి. శాకాహారులము గనుక మాకు దక్కినది తేనీరును జామపండ్లును. బల్ల దగ్గఱ నొక వృద్ధుడు, లుంగీ కట్టినవాడు, మా యూరేదని తెలుగుననే యడిగెను. చెప్పితిమి. మీ యూరేదని మేము అడుగగా, “ఇదే” అని యాశ్చర్యముగా మావైపు చూచెను. ఆ ప్రశ్న వేసినందులకు మేము సిగ్గుపడితిమి.

మఱునాడు మిత్రులకు ఇదంతయు చెప్పి, వచ్చు ఆదివారము సకుటుంబముగా రండని పిలిచితిమి. ఎండలు తగ్గిన పిదప చూతమనిరి. అది మాఘమాసము.