పొయ్యి ఎక్కని కుండ

జగిత్యాల నుండి కోరుట్ల మీదుగా మెట్‌పల్లికి పోయే 63వ నంబరు జాతీయ రహదారిపై సాయంకాలం వేళ ప్రయాణించేవారికి ‘కుండ బిర్యానీ’ అన్న ఎర్రని అక్షరాలు కనబడక మానవు. అక్షరాల పక్కన ఒక కుండ బొమ్మ, కుండ మూతి నుండి లేచే ఆవిరి, కొన్ని చోట్ల కుండ కింద మంట కూడ చిత్రించి ఉంటాయి. ఈ వ్యాసంలో నా అభ్యంతరమంతా ఆ మంట బొమ్మను గూర్చినదే.

గత శీతకాలంలో పరీక్షాపత్రాలు దిద్దే పని ముగించుకొని మేము నలుగురు అధ్యాపకులం అటువంటి ఒక భోజనశాలకు వెళ్లినాము. దాని పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, దాని వంటివే అనేకం ఉన్నవి. మనిషికొక కుండ వచ్చింది. అన్నం వేడిగానే ఉన్నది, మాంసం మెత్తగా ఉడికినది, రుచికి వంక పెట్టుటకు లేదు. కాని కుండను తాకితే గోరువెచ్చగా మాత్రమే ఉన్నది. తినుట ముగిసిన పిమ్మట నేను దానిని తలకిందులు చేసి చూచినాను. ఇటుకరంగు అడుగు కడిగిన పలక వలె శుభ్రంగా ఉన్నది. వెలుపల మసి లేదు. లోపల అడుగంటిన మెతుకు ఒక్కటీ లేదు.

“హజ్రత్, కుండ కింద ఏమి వ్రాసి ఉన్నది?” అని ఉర్దూ శాఖ మిత్రుడు నవ్వినాడు.

“ఏమీ వ్రాసి లేదు, అదే చిక్కు” అన్నాను.

వడ్డించే కుర్రవాడు దాపరికం లేనివాడు. “లోపల పెద్ద దేగుల వండి కుండలల్ల పెడతం సార్. అందరు గంతే గద” అన్నాడు.

కుండ అడుగు తిప్పి చూచే ఈ అలవాటు నాకు 2023 వేసవి సెలవులలో సింగపూరులో అబ్బినది. మా చిన్న తమ్ముడు అక్కడ భవన నిర్మాణంలో పని చేస్తున్నాడు. గల్ఫు దేశాలకు పోయినంత మంది కాకున్నా, మన ప్రాంతం నుండి ఆ దేశానికి పోయినవారూ ఉన్నారు. ఒకనాటి రాత్రి వాడు నన్ను భోజనానికి ‘హాకర్ సెంటర్’ అనే చోటికి తీసుకొనిపోయినాడు. వీధులలో బండ్లపై అమ్ముకొనేవారిని ఒక కప్పు కిందికి చేర్చుటకు 1971 నుండి 1986 వరకు అక్కడి ప్రభుత్వం కట్టించిన భోజనశాలలివి. నీళ్లు, మురుగు కాలువలు, బల్లలు అందరికీ ఉమ్మడి. పొయ్యి మాత్రం ఎవరిది వారిది. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది.

చీనీయుల కుండ అన్నంలో సాధారణంగా పంది మాంసంతో చేసిన ఎండు సాసేజి పడుతుంది. కావున మేము హలాల్ ధ్రువపత్రం గోడకు తగిలించి ఉన్న ఒక కొట్టును వెదకి పట్టుకొన్నాము. అక్కడ తిన్న పళ్లాలను తిరిగి ఉంచే అరలు సైతం హలాల్‌కు వేరుగా, ఇతర ఆహారానికి వేరుగా ఉంటవి. పక్క బల్ల వారు తమది తిన్నారు, మేము మాది తిన్నాము. ఒకరి పళ్లెంలోనికి ఒకరు తొంగి చూడలేదు. దీనిని గూర్చి మరొక వ్యాసమే వ్రాయవలసి ఉన్నది. ప్రస్తుతం కుండ వద్దకు వస్తాను.

ఆ వంటకం దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు కాంటనీయులది. వారి భాషలో దాని పేరు ‘బోజాయ్ ఫాన్’. బోజాయ్ అనగా చిన్న కుండ, ఫాన్ అనగా అన్నం. చెప్పి పది నిమిషాలైనది, పదిహేను నిమిషాలైనది, మా బల్లపైకి ఏమీ రాలేదు. నేను రెండుసార్లు లేవబోయినాను. “భాయీజాన్, జర ఠైరో” అని తమ్ముడు నా చేయి పట్టుకొని, పొయ్యిల వైపు చూడుమన్నాడు.

వరుసగా బొగ్గుల పొయ్యిలు, ఒక్కొక్క పొయ్యిపై ఒక్కొక్క చిన్న కుండ. నానబెట్టిన పొడుగు బియ్యంలో కొలిచిన నీరు పోసి కుండను నేరుగా నిప్పుపై ఉంచుతారు. నీరు ఇంకే సమయానికి ఊరవేసిన కోడి ముక్కలు, పుట్టగొడుగులు పైన పరచి మూత వేస్తారు. ముక్కల రసం, కొవ్వు నెమ్మదిగా కిందికి దిగి అన్నంలో కలుస్తుంది. పిమ్మట వంటవాడు కుండను ఒక పక్కకు వంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ దాని గోడలకు కూడ సెగ తగిలిస్తాడు. చివర నల్లని సోయా రసం చుట్టూ పోసి, బుసలు కొడుతున్న కుండను అట్లే తెచ్చి బల్లపై పెడతాడు. అది నలుబది మందికి వండిన అన్నంలో నాకు వచ్చిన భాగం కాదు. ఆ ఇరువది అయిదు నిమిషాలు ఆ కుండ నా కొరకే ఉడికినది.

అన్నం తిన్న తరువాత అసలు వస్తువు మిగిలి ఉంటుంది. కుండ గోడలకు అంటుకొని బంగారు రంగుకు తిరిగి, పటపటమని విరిగే మాడు. ‘ఫాన్‌జ్యూ’ అని దానికొక పేరు పెట్టి, దాని కొరకే వచ్చేవారున్నారు. చెంచాతో గోకుతూ ఉంటే నాకు మా ఇంటి వలీమా విందులు గుర్తుకు వచ్చినవి. పెద్దలు లేచిపోయిన తరువాత రాగి దేగు అడుగున మిగిలే ‘ఖుర్చన్’ కొరకు పిల్లలం కొట్లాడుకొనేవాళ్లం. ఇరానీయులు ఈ మాడునే ‘తహ్‌దీగ్’ అంటారు. పారసీక భాషలో తహ్ అనగా అడుగు, దీగ్ అనగా వంటపాత్ర. మన దేగు ఆ మాటకు తోబుట్టువే. దేశాలు వేరైనా, మతాలు వేరైనా, అన్నం వండే ప్రతి జాతి పాత్ర అడుగును గోకినదే కాబోలు.

మాడు వట్టి రుచి కాదు, అది సాక్ష్యం కూడ. ఈ పాత్ర నిప్పుపై కూర్చున్నది, ఈ అన్నం ఇందులోనే ఉడికినది అని అది చెబుతుంది. ఆ సాక్ష్యం లేని కుండను వంటపాత్ర అనుటకు వీలులేదు. అది వడ్డించే గిన్నె. దేగులో దమ్ము పట్టించిన బిర్యానీ గొప్ప వంటకం. మూత అంచులకు పిండి అంటించి, పైన కింద నిప్పులు పేర్చి, పచ్చి మాంసాన్నీ సగం ఉడికిన బియ్యాన్నీ ఏకకాలంలో పక్వానికి తెచ్చుట మన బావర్చీలకు తరతరాలుగా వచ్చిన విద్య. అట్టి వంటను దేగు బిర్యానీ అని చెప్పుకొనుటకు సిగ్గెందుకు? గొప్పదానికి లేని పేరు తగిలించితే ఉన్న గొప్ప కూడ అనుమానంలో పడుతుంది.

కొత్త వంటకాలు రాకూడదని నేను అనడం లేదు. యెమెన్ దేశపు మండీ హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల ద్వారా, గల్ఫు నుండి తిరిగివచ్చిన మన వారి నాలుకల ద్వారా ఈ పట్టణాలకు వచ్చినది. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చొని తినుట దాని స్వభావం. ఇక్కడా అట్లే తింటున్నాము. మండీ తన స్వభావాన్ని వెంట తెచ్చుకొన్నది. మన కుండ మాత్రం పరాయి వస్తువు కాకున్నా, తన ఊరిలోనే తన పని కోల్పోయినది.

ఈ నేలకు కుండ ఎంత పాతదో విద్యార్థులు తెలుసుకొనవలె. మన జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల నాణేలతో పాటు మట్టిపాత్రల పెంకులూ బయటపడినవి. పెండ్లికి ఐరేని కుండలు కావలె, అమ్మవారికి బోనం కావలె, ఇంటిలో కూరాడు కుండ కావలె. మొహర్రంలో పీర్ల ఎదుట పంచే షర్బతుకు కూడ కొత్త కుండే వచ్చేది. అవన్నీ ఒక్క కుమ్మరి ఇంటి నుండే వచ్చేవి. ఆయన సారె తిరుగునప్పుడు అది ఏ మతం వారి కుండ అని ఎవరూ అడిగినది లేదు.

సిరిసిల్ల సమీప గ్రామానికి చెందిన నా పూర్వ విద్యార్థి ఒకడు కుమ్మరి ఇంటి బిడ్డ. ఈ సంగతి మనసులో ఉండి, ఒక ఆదివారం వేములవాడ మీదుగా బస్సులో వాని ఊరికి వెళ్లినాను. ఇంటి ముందర వందల కొద్దీ చిన్న కుండలు ఆరుతున్నవి. అన్నీ ఒకే కొలత, ఒకే రూపం. అవి హోటళ్లకు పోయేవని విద్యార్థి చెప్పినాడు. నేను సంతోషించి వాని తాతను పలకరించినాను.

“మంచిదే గదా తాతా, పని మళ్లీ వచ్చినది.”

ఆయన ఒక కుండను ఎత్తి నా చేతిలో పెట్టినాడు. “జర తూకం చూడు సారూ.”

చాల తేలికగా ఉన్నది.

“గిది పొయ్యి మీద ఆగది. పెట్టినవంటే పట్‌మని పలుగుతది. హోటలోళ్లు అడిగేదే పలుచటి కుండ, అగ్గువది. ఒక్కపారి తింటరు, పారేస్తరు. వండే అటికె వేరే సారూ. దానికి మట్టి వేరే, ఇసుక పాలు వేరే, చేతి పని వేరే. అడిగేటోడు ఉంటే గద వానేది.”

“నీకు వచ్చునా?”

“నాకొస్తది. నా కొడుక్కు సగమొస్తది.” మనుమని వైపు చూచి ఊరకున్నాడు. వాడు తల వంచుకొన్నాడు. వాడు చదివినది బి.కాం.; నేను చెప్పినది వానికి తెలుగు పద్యాలు.

ఆయన చెప్పిన దానిలో శాస్త్రం ఉన్నది. మట్టిలో ఇసుక తగినంత కలిస్తే పాత్ర వేడికి వ్యాకోచించినప్పుడు పుట్టే సన్నని పగులు ఆ రేణువుల వద్ద ఆగిపోయి ముందుకు పాకదు. కాంటనీయుల కుండకు కూడ ఇదే ఉపాయం. చీనీయులు అటువంటి పాత్రను ‘ఇసుక కుండ’ అనియే పిలుస్తారు. పైగా వెలుపల ఇనుప తీగ చుట్టి బిగిస్తారు. మన పెద్దలు కొత్త అటికెను నీళ్లలో నానబెట్టి, మొదట గంజి కాచి, దాని సన్నని రంధ్రాలను మూసి, అటుపైన అన్నానికి వాడేవారు. ఈ తెలివి పుస్తకాలలో కన్న చేతులలో ఎక్కువగా ఉన్నది. ఆ చేతులకు హోటళ్లు ఇచ్చిన పని ఆ తెలివి అక్కర లేని పని. రోజుకు వంద కుండలు అమ్ముడుపోతున్నవి గాని, వండే కుండ చేయుట ఎట్లో ఆ ఇంటిలోనే మరుగున పడుతున్నది. గిరాకీ లేక నశించిన వృత్తులను గూర్చి మనం చాల చదివినాము. ఇక్కడ గిరాకీ ఉండగనే విద్య నశిస్తున్నది.

హోటలు వారి పక్షం వినకుండా తీర్పు చెప్పుట న్యాయం కాదు గనుక ఆ పని చేసే పరిచయస్తుడు ఒకరిని అడిగినాను. “సార్, ఒక్కొక్క కుండ అర్ధగంట పొయ్యి మీద ఉంచితే రాత్రి వచ్చే జనానికి ఎప్పుడు పెట్టాలె? నడుమ కుండ పలిగితే లోపలి కూర నష్టం ఎవలిది? మీరు కూసుంటరు గని, బస్సు దిగినోడు కూసోడు” అన్నాడు. ఆయన మాటలో న్యాయమున్నది. సింగపూరులో సైతం బొగ్గుల పొయ్యి వదలి గ్యాసుకు మారినవారే ఎక్కువ. వృద్ధులైన వంటవారి తరువాత ఆ కొట్లను ఎవరు నడుపుతారన్న బెంగ అక్కడా ఉన్నది. అయినను గ్యాసు పొయ్యిపై పెట్టినవాడు కూడ కుండనే పెట్టినాడు. ఓర్పు లేని తిండివానికి ఓర్పుగల వంట దొరకదు. ఈ నింద హోటలు వారికంటె ముందు మనకే తగులుతుంది.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. వారానికి ఒక్క రాత్రి, ముందుగా ఫోను చేసి చెప్పినవారికి మాత్రం, పది కుండలు నిజంగా పొయ్యిపై పెట్టవచ్చును. అక్కడి కొన్ని కొట్లలో ఈ పద్ధతి ఉన్నది. దానికి రెట్టింపు వెల పెట్టినా నేను ఇస్తాను. మిగిలిన రాత్రులలో బోర్డుపై ఆ మంట బొమ్మ తుడిచివేస్తే చాలు. బియ్యం కొరకు దూరం పోవలసిన పనిలేదు. పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వచ్చిన జగిత్యాల సన్నాలు మన పొలాలలోనే పండుతున్నవి. సన్న బియ్యం కుండలో ఎట్లు నిలుస్తుందని బావర్చీలు సందేహిస్తారు. వండి చూచినవాడిగా చెబుతున్నాను, నీరు ఒక గుక్కెడు తగ్గించవలె, అంతే.

వండి చూచినానని ఎందుకన్నాననగా, ఆనాడు తిరిగి వచ్చే ముందు తాతకు నాలుగు అటికెలు కావలెనని చెప్పి వచ్చినాను. ఆయన బయానా తీసుకొనలేదు. నెల పదిహేను రోజులకు మనుమడు వాటిని గడ్డిలో చుట్టి బస్సులో తెచ్చి ఇచ్చినాడు. వాటిలో ఒకటి తాను చేసినదని చెప్పినాడు, ఏది అని అడిగితే చెప్పలేదు. మొదటి శుక్రవారమే ఒకటి పొయ్యిపై పగిలి, కోడి పులుసంతా బొగ్గులలో కలిసినది. మా ఇంటామె నన్ను అన్న మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. మూడు మిగిలినవి. వాటి అడుగులు ఇప్పుడు నల్లగా ఉన్నవి. మాడు విషయంలో పిల్లల నడుమ పంపకం తెగక, పెద్దదానికి అడుగు, చిన్నవానికి గోడలు అని నేను తీర్పు చెప్పవలసి వస్తున్నది.