కుక్క మెడలో తాడు

ఇంగ్లాండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో సరస్సుల చుట్టూ, అడవుల్లో, తుప్పల బీళ్లలో కుక్కతో కలిసి నడవడమంటే చాలామందికి ప్రాణం. 1805 ఏప్రిల్‌లో చార్లెస్ గాఫ్ అనే యువకుడు అక్కడి హెల్వెల్లిన్ కొండపై మరణిస్తే, మూడు నెలల తర్వాత అతని ఎముకలు దొరికేదాకా అతని కుక్క అక్కడే ఉంది. 1890లో దాని జ్ఞాపకార్థం శిలాఫలకం నిలిపినవారిలో ఆంగ్లికన్ పాదిరి హార్డ్‌విక్ రాన్‌స్లీ ఒకరు.

సొంత కుక్కను ప్రేమించడం తేలికే. మరి ఆ బీళ్లలోని పక్షుల సంగతేమిటి? కర్లూలు, మన తీతువుకు చుట్టాలైన లాప్‌వింగ్‌లు నేలమీదే గుడ్లు పెడతాయి. కుక్క పరుగెత్తుకొస్తే తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లారిపోతాయి. అందుకే ప్రజలు స్వేచ్ఛగా తిరిగే బీళ్లలో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను 2 మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలని 2000 నాటి చట్టం చెబుతోంది. గొర్రెలున్నచోట ఏడాదంతా అంతే. ‘మా కుక్క ఏమీ చేయదండీ’ అనేవారు అక్కడా ఉన్నారు!

గూటిలో పొదిగే తల్లిపక్షిని పిల్లలతోపాటు పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. పిట్టగూటికీ ధర్మశాస్త్రంలో చోటిచ్చిన దేవుణ్ణి ఆరాధించేవారు ఆ తాడును సంకెలగా ఎంచడం విడ్డూరమే. పక్షుల కోసం చట్టం అడిగింది ఐదు నెలలే!