మాటకు తూకం

నలుగురిలో నిలిచి తన అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పడం, చెప్పిన దానిని వినేవారు ఆలోచించి అంగీకరించేటట్లు చేయడం ఒక గొప్ప విద్య. ఈ విద్యను విద్యార్థి దశలోనే అలవరచాలన్న సదుద్దేశంతో మన కళాశాలలలో వక్తృత్వ పోటీలు నిర్వహిస్తున్నారు. గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న ఆంధ్రప్రదేశ్‌లోను, కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణలోను జరిగే భాషా దినోత్సవాలలో ఈ పోటీలు జరగడం పరిపాటి. ఉద్దేశం మంచిదే. కాని ఆ వేదికలపై మనం దేనిని తూచి బహుమతి ఇస్తున్నాం? గొంతునా, జ్ఞాపకశక్తినా, ఆలోచననా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసిన అవసరం ఉంది.

సాధారణంగా జరిగేది ఇది. అంశాన్ని ముందుగా ప్రకటిస్తారు. ఇంట్లో చదువుకున్నవారు ఉన్న విద్యార్థికి ఎవరో ఒకరు ప్రసంగం వ్రాసి ఇస్తారు. అతడు దానిని కంఠస్థం చేసి, రెండు పద్యాలు జోడించి, అయిదు నిమిషాలలో గంభీరంగా అప్పజెబుతాడు. చప్పట్లు మోగుతాయి. ఆ తరువాత వచ్చిన విద్యార్థినికి వ్రాసి ఇచ్చేవారు లేరు. ఆమె తానే ఆలోచించింది, తన ఊరి మాటలలోనే చెప్పింది, నడుమ ఒకసారి తడబడింది. న్యాయనిర్ణేతల చేతిలోని కాగితంలో ఉచ్చారణకు, హావభావాలకు, సమయపాలనకు మార్కులున్నాయి, హేతువుకు లేవు. ఆమె ఓడిపోతుంది. ఓడిపోవడం కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. సొంతంగా ఆలోచించడం వల్ల ప్రయోజనం లేదన్న పాఠాన్ని ఆమె ఆనాడే నేర్చుకుంటుంది.

మాటను తూచే పద్ధతి మన ప్రాచీనులకు తెలియనిది కాదు. రామాయణంలోని కిష్కింధా కాండలో హనుమంతుడు తొలిసారి మాట్లాడగా విన్న శ్రీరాముడు ఆ మాట తీరును లక్ష్మణునితో ప్రశంసిస్తాడు. ఆ పలుకులలో అనవసర విస్తారం లేదని, సందిగ్ధత లేదని, అతివేగం గాని జాప్యం గాని లేవని, అపశబ్దం ఒక్కటైనా దొరలలేదని, ముఖంలో, కన్నులలో, కనుబొమలలో ఏ దోషమూ కనిపించలేదని విడమరచి చెబుతాడు. ఇది ఊరక మెచ్చుకోలు కాదు, కారణాలతో కూడిన తీర్పు. నేటి న్యాయనిర్ణేతలు నేర్వవలసిన మొదటి పాఠం ఇదే. అంకెలు మాత్రమే వేసి వెళ్లిపోవడం తీర్పు కాదు. పాల్గొన్న ప్రతి విద్యార్థికీ ఒక గుణాన్ని, ఒక లోపాన్ని రెండు వాక్యాలలో వ్రాసి ఇవ్వాలి.

ఇక వాదాన్ని తూచే విధానం గౌతముని న్యాయసూత్రాలలో ఉంది. తత్త్వాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపే లక్ష్యంగా చేసేది జల్పం. తన పక్షమేదో స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని ఖండిస్తూ పోవడమే వితండ. వాది ఓడినట్లు నిర్ణయించడానికి 22 నిగ్రహస్థానాలను ఆ శాస్త్రం పేర్కొన్నది. ప్రస్తుత విషయాన్ని విడిచి మరొకటి మాట్లాడడం అర్థాంతరం. చెప్పినదే అకారణంగా మళ్లీ చెప్పడం పునరుక్తం. మూడుసార్లు చెప్పినా సభకు, ప్రతివాదికి అర్థం కాకపోవడం అవిజ్ఞాతార్థం. సభ గ్రహించిన ప్రతివాది మాటను వాది తిరిగి చెప్పలేకపోవడం అననుభాషణం. అంటే ఎదుటివారి మాట వినని వాడు, వినేవారికి అర్థం కాకుండా మాట్లాడినవాడు ఓడినట్లే. బరువైన సమాసాలు గుప్పించినంత మాత్రాన గెలుపు రాదని మన శాస్త్రమే చెబుతున్నది.

భారతంలోని సభాపర్వం మరొక సత్యాన్ని బోధిస్తుంది. తన్ను తాను ముందే ఓడిన ధర్మరాజుకు నన్ను పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా అని ద్రౌపది అడిగింది. పెద్దలు సూటిగా బదులు చెప్పలేకపోయారు. దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి, ఆమె జయింపబడలేదని హేతువులతో నిరూపించాడు. కర్ణుడు ఆ వాదాన్ని ఖండిస్తూ అతని పసితనాన్ని కూడా ఆక్షేపించాడు. చెప్పిన మాటను కాక చెప్పినవాని వయసును తూచడం ధర్మం కాదు. నేడు విద్యార్థి యాసను, వేషాన్ని, చదివే కళాశాల పేరును చూసి మార్కులు వేయడమూ అటువంటిదే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పేర, ప్రజల పలుకుబడిని గౌరవించిన కాళోజీ పేర సభ జరుపుతూ, మాండలికంలో మాట్లాడిన విద్యార్థికి మార్కులు తగ్గించడం ఎంత అసంగతం!

కనుక నియమాలు మారాలి. ప్రసంగానికి అయిదు నిమిషాలు కేటాయిస్తే, ఆపై రెండు నిమిషాలు ప్రశ్నలకు ఇవ్వాలి. కంఠస్థం చేసిన మాట ప్రశ్న ముందు నిలవదు. ఆలోచించిన మాట తడబడినా నిలుస్తుంది. వందలో సగం మార్కులు హేతువుకు, ప్రశ్నకు ఇచ్చిన సమాధానానికి కేటాయించాలి. వక్తలను పేర్లతో కాక సంఖ్యలతో పిలవాలి. తన శిష్యుడు పాల్గొనే పోటీకి ఏ అధ్యాపకుడూ న్యాయనిర్ణేతగా కూర్చోరాదు.

మార్కులు కూడడంలోనూ ఒక చిక్కు ఉంది. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఒకరు మొదటి వక్తకు 90, రెండవ వక్తకు 50 వేశారనుకుందాం. మిగిలిన ఇద్దరూ మొదటి వక్తకు 70, రెండవ వక్తకు 75 చొప్పున వేశారు. మొత్తం కూడితే మొదటి వక్తకు 230, రెండవ వక్తకు 200 వస్తాయి. ముగ్గురిలో ఇద్దరు రెండవ వక్తే మేలన్నా బహుమతి మొదటి వక్తకు దక్కింది. ఒక్కరి అభిరుచి ఇద్దరి నిర్ణయాన్ని మింగివేసింది. మార్కులకు బదులు స్థానాలను కూడితే మొదటి వక్తకు 1, 2, 2 కలిపి 5. రెండవ వక్తకు 2, 1, 1 కలిపి 4. తక్కువ మొత్తం వచ్చినవారే విజేత. ఈ చిన్న మార్పుతో న్యాయం జరుగుతుంది.

వక్తృత్వం ఒక కళ, కంఠ మాధుర్యానికి విలువ లేదా అని కొందరు అడగవచ్చు. తప్పక ఉంది. కాని కంఠం వాదాన్ని మోసే వాహనమే తప్ప వాదం కాదు. ప్రశ్నలు అడిగితే బిడియం గల పిల్లలు వెనుకడుగు వేస్తారని మరికొందరు సందేహిస్తారు. ప్రశ్న ఉచ్చు కాకూడదు. వక్త చెప్పిన దానిని మరింత స్పష్టం చేయించేదిగా, మృదువుగా ఉండాలి. అట్టి ప్రశ్న బిడియాన్ని పెంచదు, పోగొడుతుంది.

విద్యార్థులారా! చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత మీకు తెలిసినదే. వినేవారిని లోకువగా చూడని వక్తే ఉత్తమ వక్త. రేపు మీరు గ్రామసభలో, న్యాయస్థానంలో, కార్యాలయంలో మాట్లాడవలసి వస్తుంది. అక్కడ గంట కొట్టేవారుండరు, ప్రశ్నించేవారు ఉంటారు. ఆ ప్రశ్నలకు జంకని మాటను ఇప్పుడే సంపాదించుకోండి.