తెర నల్లబడితే యంత్రం చచ్చినట్టేనా?

మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి హాస్టల్ గదిలో నా లాప్‌టాప్ మీట నొక్కాను. లైటు వెలిగింది. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. తెర మాత్రం అమావాస్య! మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ప్రాజెక్టు రికార్డు ఇవ్వడానికి నాలుగు రోజులే గడువు. రాసిందంతా అందులోనే ఉంది. కిందటేడు మిరపకాయలు అమ్మిన డబ్బుతో నాన్న కొనిచ్చిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ అది.

తెల్లారగానే షాపుకు పరుగెత్తాను. షాపాయన మూతయినా విప్పకుండా, "మదర్‌బోర్డు పోయింది. 8,500 అవుతుంది" అన్నాడు. బుద్ధిగా తలూపి బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"లైటు వెలుగుతోందా?" అన్నాడు నాన్న.

"ఆఁ."

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"మరి చచ్చిందని ఎట్టా చెప్పాడ్రా? బోరు మోటారు నీళ్లు పొయ్యకపోతే పొద్దున్నే మనుషుల్ని పెట్టి పైకి లాగుతామా? మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు ఉందా, స్టార్టరు పట్టుకుంటోందా చూస్తాం. అన్నీ అయ్యాకే గదా లాగుడు!"

నాకు సిగ్గేసింది. నాన్న చదివింది అయిదో క్లాసు. నేను బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం ఫిజిక్స్ విద్యార్థిని. కిందటి ప్రాక్టికల్స్‌లో నాకు 50కి 47!

గదికొచ్చి నాన్న వరసే పట్టాను. ముందు పైపైన, తర్వాత లోపల. ముందు ఖర్చు లేనివి, తర్వాత ఖర్చున్నవి. ఛార్జరు తీసేసి పవర్ మీటను 30 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. లోపల మిగిలిన కరెంటు దిగిపోతే కొన్నిసార్లు అంతటితోనే తేరుకుంటుంది. నాది తేరుకోలేదు. దీపం ఆర్పి, టార్చిలైటు తెరమీద ఏటవాలుగా వేశాను. మసకగా బొమ్మ కనిపిస్తే, తెర వెనకాల వెలుగు మాత్రమే పోయినట్టు. ఏమీ కనిపించలేదు. హెచ్.డి.ఎం.ఐ. తీగతో హాస్టల్ టీవీకి తగిలించాను. అక్కడ బొమ్మ వస్తే తప్పు తెరదో, తెరకు పోయే తీగదో అయివుండాలి. అక్కడా రాలేదు. అంటే, యంత్రం అసలు మొదలే కావడం లేదేమో!

మీట నొక్కగానే కంప్యూటరు ముందు తన భాగాలను తానే పరీక్షించుకుంటుంది. ర్యామ్ సరిగా అందకపోతే అక్కడే ఆగిపోతుంది, బొమ్మ వేసేదాకా రాదు. వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్షన్ ఊడదీసి, ర్యామ్ బయటికి తీశాను. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, టక్కుమనేదాకా మళ్లీ నొక్కి పెట్టాను. అన్నీ బిగించి మీట నొక్కాను. లైటు, ఫ్యాను... ఆ వెనకే బొమ్మ! ఖర్చు? స్క్రూడ్రైవర్ ఇచ్చిన పక్కగది మిత్రుడికి ఒక టీ.

ఆ షాపాయన దొంగ అని నేననను. వెతకడం కంటే మార్చడం ఆయనకు తేలిక. వెతికిన గంటకు మనమేమన్నా కూలి ఇస్తామా? నా ఫిర్యాదల్లా నా మీదా, మన చదువు మీదా. వీట్‌స్టన్ బ్రిడ్జి కలిపాం, పొటెన్షియోమీటరు కలిపాం. గాల్వనామీటరు ముల్లు కదలనినాడు ఏం చేశాం? ల్యాబ్ అసిస్టెంటును పిలిచాం. లేదా సీనియర్ రికార్డులోంచి రీడింగులు దింపేశాం. ముల్లు కదిలితేనే మార్కులు. ఎందుకు కదల్లేదో కనుక్కున్నవాడికి మార్కుల్లేవు. అసలు సైన్సు మొదలయ్యేది ఆ కదలనిచోటే కాదూ?

అందుకని గురువులకు నా మనవి ఒక్కటే. ప్రతి సెమిస్టరులో ఒక్క ప్రాక్టికల్ పాడైన సర్క్యూటుతో పెట్టండి. ఒక తీగ లోపల తెగి ఉండాలి, లేదా ఒక సెల్లు అయిపోయి ఉండాలి. తప్పు పట్టినందుకు సగం మార్కులు, వెతికిన వరసకు సగం. మూలపడ్డ పాత కంప్యూటర్లనూ బల్లమీదికి తెప్పించండి. "ఉన్నవే చాలడం లేదు, వీళ్లు పాడుచేస్తారు" అంటారేమో. పాడైనవాటిని ఇంకేం పాడుచేస్తాం సార్?

అన్నీ మనమే బాగుచేయగలమని కాదు. బ్యాటరీ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా చెయ్యి పెట్టకూడదు. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని తియ్యలేం. అప్పుడు షాపుకు పోవాల్సిందే. కాని ఏమేం చూశామో, ఏది కాదని తేల్చామో చెప్పగలిగేటట్టు పోవాలి. అలా చెప్పేవాడికి మూత విప్పకుండా తీర్పు చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఉగాదికి ఇంటికెళ్తే అమ్మ చెప్పింది. నేను ఫోన్ చేసిన పూటే నాన్న, ఎందుకైనా మంచిదని, ఆ 8,500 కోసం ఊళ్లో ఇద్దర్ని అప్పు అడిగి వచ్చాడట. వెతకడం నేర్పని నా చదువుకు, ఆయన వడ్డీ కట్టబోయాడు.