హిజ్కియా అంజూరపు ముద్ద, మన బీపీ మాత్ర

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. ఇల్లు చక్కబెట్టుకోమని చెప్పి యెషయా ప్రవక్త వెళ్లిపోయాడు. రాజు గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. ప్రవక్త నడిమి ఆవరణ దాటకముందే దేవుడు జవాబిచ్చాడు, ఆయుష్షుకు 15 ఏళ్లు కలిపాడు. ఇంతవరకు మనం ప్రసంగాల్లో తరచూ వినేదే. తర్వాతి వచనాన్ని మాత్రం చాలామంది ప్రసంగీకులు గబగబా దాటేస్తారు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించమని ఆ ప్రవక్తే చెప్పాడు. దాన్ని కురుపు మీద వేశారు, రాజు బాగుపడ్డాడు (2 రాజులు 20:7). బాగుచేస్తానని దేవుడే మాటిచ్చాక ఇంకా ముద్ద ఎందుకు? మాటిచ్చిన దేవుడే ఆ ముద్దనూ వాడుకోదలిచాడు గనుక! దాన్ని విసిరి కొట్టి ఉంటే హిజ్కియా గొప్ప విశ్వాసి అయ్యేవాడా?

యాభై దాటినవారు ఉన్న ఇంట్లో బీపీయో షుగరో లేకపోవడం మన సంఘాల్లో ఇప్పుడు అరుదు. స్వస్థత కూటానికి వెళ్లొచ్చి, ‘ప్రభువు ముట్టాడు’ అంటూ మాత్రలు మానేసేవారూ తక్కువేమీ కాదు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు అలాగే మాత్రల డబ్బా పారేసి, వేదికెక్కి సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు నెలలకు పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఆ వేదిక మీది బోధకుడు ఆ తర్వాత ఆయన గుమ్మం తొక్కలేదు. ఇప్పుడాయనకు అన్నం కలిపి తినిపిస్తున్నది ఆయన భార్య. ఆమెకూ షుగరే.

బీపీ మోసకారి. చాలామందికి నొప్పి ఉండదు, మాత్ర మానిన మర్నాడు ఏమీ కాదు. అందుకే బాగైపోయిందనిపిస్తుంది. కానీ 140/90 పైన ఏళ్ల తరబడి నిలిచిపోతే గుండె, మూత్రపిండాలు, మెదడులోని రక్తనాళాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. మాత్ర వేసుకుంటుండగా మిషన్‌లో 130 వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. యేసుప్రభువు కుష్ఠరోగిని శుద్ధుణ్ణి చేసి, వెళ్లి యాజకునికి దేహం చూపించుకోమన్నాడు (మత్తయి 8:4). ఆ రోజుల్లో పరీక్ష చేసి నిర్ధారించే పని యాజకునిది. తానే చేసిన అద్భుతాన్ని పరీక్షకు పంపడానికి ప్రభువు వెనుకాడలేదు. మరి మన సాక్ష్యం డాక్టరు గదికి వెళ్లడానికి ఎందుకు జంకుతుంది? మాత్ర తగ్గించాలో ఆపాలో ఆయన చూసి చెబుతాడు.

ఇక్కడ కొందరు ఆసా రాజును ఎత్తిచూపుతారు. పాదాల జబ్బుతో వైద్యుల దగ్గరికి వెళ్లాడు, చనిపోయాడు అని (2 దినవృత్తాంతములు 16:12). అధ్యాయం మొదటినుంచి చదివితే సంగతి తెలుస్తుంది. దేవుణ్ణి పక్కనపెట్టి సిరియా రాజును నమ్ముకున్నాడు, మందలించిన దీర్ఘదర్శిని చెరలో వేయించాడు. రోగం వచ్చినా దేవునివైపు తిరగలేదు, లేఖనం తప్పుపట్టింది దాన్నే. పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఇంటివైద్యం చెప్పాడు, రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చాడు. ఇద్దరిలో ఎవరినీ విశ్వాసం చాలలేదని నిందించలేదు. ఆయన చెంత చివరిదాకా ఉన్న లూకా వైద్యుడే.

మందులకు ఎదురు చెప్పే ఈ బోధ మన తాతలది కూడా కాదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. జమ్మలమడుగు, మెదక్, డిచ్‌పల్లిలలోనూ సువార్త, ఆసుపత్రి జంటగానే నడిచాయి.

ఇక ఉపవాసం. దాని విలువ నాకు తెలుసు, తగ్గించి మాట్లాడను. కానీ ఇన్సులిన్‌గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రగానీ తీసుకుని భోజనం మానేస్తే రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది. ఉపవాస కూటంలో ఒక పెద్దావిడకు ఇలా అయితే ఆత్మావేశమని కొందరు, దయ్యమని కొందరు అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు కావలసింది పంచదార నీళ్లు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. షుగరున్నవారు డాక్టరును అడక్కుండా ఉపవాసానికి కూర్చోకూడదు, కాపరులు కూర్చోబెట్టకూడదు. శ్రమదినాల్లో ఏదో ఒకటి విడిచిపెట్టాలనుకుంటే ప్రేమవిందులో రెండోసారి బిర్యానీ, కంచంలో ఊరగాయ ఉన్నాయి. అవి మానడం కొందరికి 40 రోజుల ఉపవాసం కంటే కష్టం! రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆవకాయకు ఆ లెక్క తెలియదు.

పాదాల సంగతి కూడా చెప్పాలి. షుగరు పాతబడేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మందిరం బయట చెప్పులు విడిచి, ఎండకు కాలిన బండల మీద నడిచి వచ్చినవారికి బొబ్బలెక్కినా తెలియదు. అలాంటివారికి మేజోళ్లు తొడుక్కోమని చెప్పడంలో అగౌరవమేమీ లేదు. రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోవాలి. కళ్లు ఆనకపోతే మనవణ్ణి చూడమనాలి. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును కొలిచే ఇంట్లో ఇది ఎవరికీ చిన్నతనం కాదు.

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరిగినప్పుడు మోషేకు 80 ఏళ్లు. ఎత్తిన చేతులు బరువెక్కాయి. ఆహారోను, హూరు ఆయన ప్రార్థనాశక్తిని శంకించలేదు. కూర్చోవడానికి ఒక రాయి తెచ్చి వేశారు, చెరోవైపు నిలిచి సూర్యుడు అస్తమించేదాకా చేతులు పట్టుకున్నారు (నిర్గమ 17:12). మోకాళ్లరిగిన పెద్దలకు మందిరంలో ఒక వరుస కుర్చీలు వేయడానికి మనకేం అడ్డం? మోకరించలేనివారు కూర్చుని ప్రార్థిస్తే దేవుడు వింటాడు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగానే ఇస్తారు. అక్కడిదాకా వెళ్లి వరుసలో నిలబడే ఓపికే వాళ్లకుండదు. బండి ఉన్న యువకులు నెలకొకసారి వాళ్లను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే చాలు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని నర్సమ్మ ఎవరైనా బీపీ మిషన్‌తో అరగంట కూర్చుంటే ఇంకా మంచిది.