మూడు సెంట్ల పత్తి, ఒక బొంత

గత వేసవి సెలవులకు వసతిగృహం ఖాళీ అయిన మరునాడు, వరండా చివర విద్యార్థులు వదిలివెళ్లిన పాత జీన్స్ ప్యాంట్లు కుప్పగా కనిపించాయి. కొన్ని మోకాళ్ల వద్ద చిరిగినవి, కొన్ని నడుము పట్టనివి, కొన్ని ఏ లోపమూ లేక కేవలం మోజు తీరినవి. చెత్తబండిలోకి ఎత్తబోతున్న వారిని ఆపి ఎనిమిదింటిని ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మగారు జీవించి ఉన్నంతకాలం మా ఇంట పాతచీర గాని, నాన్నగారి పంచె గాని బొంతగా మారకుండా గడప దాటలేదు. ఆ అలవాటే నన్ను ఆపి ఉండవచ్చు. అయితే ఈ పత్రికలో ఆ విషయం వ్రాయడానికి కారణం అలవాటు కాదు, ఒక లెక్క.

ఒక జీన్స్ ప్యాంటు బరువు ఇంచుమించు 700 గ్రాములు. వడకడంలో, నేయడంలో, కత్తిరింపులో పోయే తరుగును కలిపితే దానికి సుమారు ఒక కిలో దూది కావాలి. మన హైబ్రిడ్లలో దూది శాతం 33 నుండి 36 వరకు ఉంటుంది కనుక, మూడు కిలోల పత్తి అనుకుందాం. ఎకరానికి 8 క్వింటాళ్లు పండే వర్షాధారపు నల్లరేగడి చేనులో మూడు కిలోల పత్తికి దాదాపు 15 చదరపు మీటర్ల నేల కావాలి. 90 × 60 సెంటీమీటర్ల ఎడంలో నాటితే ఆ నేలలో ఉండేవి 28 మొక్కలు. ఎకరాకు 60 కిలోల నత్రజని చొప్పున ఆ మొక్కలకు అందేది అరకిలోకు కొంచెం తక్కువ యూరియా. పైరు కాలంలో 700 మిల్లీమీటర్ల నీరు ఖర్చయిందనుకుంటే, 15 చదరపు మీటర్లకు పదివేల లీటర్లు దాటుతుంది. (ఒక ప్యాంటుకు వేల లీటర్ల నీరు అంటూ ప్రచారంలో ఉన్న అంకెలను చూసి పత్తి రైతును నిందించేవారు, మన ప్రాంతంలో ఆ నీటిలో అధికభాగం చేనుపై కురిసిన వానే గాని బోరు నుండి తోడినది కాదని గుర్తించాలి.)

నేను తెచ్చిన ఎనిమిది ప్యాంట్లంటే 120 చదరపు మీటర్లు, అనగా సరిగ్గా మూడు సెంట్ల పైరు. అందులో 24 కిలోల పత్తిని ఏరడం, చేను పలుచబడిన వేళ, ఒక కూలీకి ఇంచుమించు ఒక దినపు పని. ఎకరాకు పది కిలోల దిగుబడి పెంచడానికి మూడేళ్లు ప్రయోగాలు చేసే మనం, పండిన దూది రెండేళ్లలో చెత్తకుప్పకు చేరడాన్ని మన శాస్త్రానికి సంబంధించిన నష్టంగా లెక్కించము. మన లెక్క మార్కెట్ యార్డు కాటా వద్ద ఆగిపోతుంది. ఇది సరికాదని నా అభిప్రాయం.

పత్తి పండించిన చేతులే పాత డెనిమ్‌ను బొంతలుగా కుట్టిన ఉదంతం ఒకటి ఉన్నది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, విల్కాక్స్ కౌంటీలో, అలబామా నది మూడువైపులా చుట్టిన గీస్ బెండ్ అనే పల్లె అది. బానిసలుగా పత్తి తోటలలో పనిచేసినవారి సంతతి అక్కడ కౌలుదారులై అదే పత్తిని పండించింది. 1932లో, వారికి అప్పు ఇచ్చిన వర్తకుడు మరణించగా, బాకీ కింద అతని కుటుంబం ఆ ఇళ్లలోని పశువులను, పనిముట్లను, తిండిగింజలను సైతం తరలించుకుపోయింది. అటువంటి ఊరిలో స్త్రీలు పొలంలో అరిగిన ప్యాంట్లను, ఓవరాళ్లను విప్పదీసి, పట్టీలుగా కోసి, చలికి బొంతలు కుట్టారు. భర్తను పోగొట్టుకున్న మిస్సోరి పెట్‌వే అనే ఆమె, 1942లో అతని పనిబట్టలనే బొంతగా కుట్టి కప్పుకున్నది. డెనిమ్ బొంతలలో జేబు ఊడదీసిన చోట ముదురు నీలపు చతురస్రం, మోకాలు ఆనిన చోట తెల్లని మచ్చ అలాగే నిలిచి ఉంటాయి. ఆ బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో గోడలకెక్కాయి, 2006లో తపాలాబిళ్లలపైకి వచ్చాయి. కళావిమర్శకులు వాటిలో ఆధునిక చిత్రకళను చూశారు. పత్తి శాస్త్రవేత్తగా నేను చూసేది మరొకటి. అప్పులపాలైన పత్తి రైతు ఇంట, తాను పండించిన పోగును చివరి దశవరకు వదలని పొదుపు అది. అప్పు సంగతి మన పత్తి జిల్లాలకు వేరుగా వివరించనక్కరలేదు.

ఆ బొంతలు అంతకాలం నిలవడానికి గుడ్డ స్వభావం కూడా కారణం. డెనిమ్‌లో పడుగుకు మాత్రమే నీలి అద్ది, పేకను తెల్లగా వదులుతారు. మూడు పోగులపైగా, ఒక పోగు కిందుగా సాగే ఏటవాలు నేత వల్ల గుడ్డ ఒత్తుగా, బలంగా ఉంటుంది. అందులో వాడేది మోటునూలు. మోటునూలుకు, ముఖ్యంగా రోటార్ పద్ధతిలో వడికే నూలుకు, పొడవు పింజ అవసరం లేదు. పొట్టి పింజ సరిపోతుంది. ఇక్కడ మన పరిశోధనా విధానంపై ఒక మాట చెప్పక తప్పదు. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత దేశంలో పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగాన్ని పొడవు పింజ హైబ్రిడ్లు ఆక్రమించాయి. మద్దతు ధర కూడా పింజ పొడవునుబట్టే హెచ్చుతుంది. బెట్టను, రసం పీల్చే పురుగులను తట్టుకునే దేశవాళీ పత్తి చేలగట్లకు పరిమితమైంది. దాని కాయ చిన్నది, దిగుబడి తక్కువ, ఏరుడు కష్టం, ఇవన్నీ నిజమే. కానీ ప్రపంచమంతా తొడిగే ఒక మోటుగుడ్డకు సరిపోయే పింజ మన తేలికనేలల్లో తక్కువ ఖర్చుతో పండుతుంటే, దానిని నాసిరకమని పేరుపెట్టి పక్కకు నెట్టింది కొలబద్దే గాని గుణం కాదు.

తిరిగి నా ఎనిమిది ప్యాంట్ల వద్దకు వస్తాను. మా వీధిలో బొంతలు కుట్టే ఒకామెకు వాటిని అప్పగించాను. ఆమె చేయి పెట్టగానే మూడింటిని పక్కన పడవేసి, ‘‘ఇవి సాగుతాయి సార్, బొంతకు పనికిరావు’’ అన్నది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఇప్పటి జీన్స్‌లో చాలావాటిలో నూటికి ఒకటి రెండు పాళ్లు ఎలాస్టేన్ పోగు కలుపుతారు. రెండు సాగని ముక్కల మధ్య ఒక సాగే ముక్క పడితే బొంత ముడతలు పడుతుంది. అదే పోగు గుడ్డను చీల్చి తిరిగి దూదిగా మార్చే యంత్రాలకూ అడ్డు. ఆ చీల్చడంలో ఎలాగూ పింజ తునిగి పొట్టిదవుతుంది, కొత్త దూది కలపనిదే నూలు నిలవదు. బొంతలో మాత్రం పింజ తునగదు. నూటికి ఒక పాలు రబ్బరు వంటి పోగు కోసం తొంభైతొమ్మిది పాళ్ల పత్తి రెండవ జన్మను పోగొట్టుకుంటున్నది. మరో మూడు ప్యాంట్లు వెతికి తెచ్చాక పని సాగింది.

ఆమె చేసిన పద్ధతి క్లుప్తంగా: మొదట రెండుసార్లు విడివిడిగా ఉతకాలి, లేకుంటే నీలి పక్కగుడ్డకు అంటుతుంది. కుట్లను విప్పే శ్రమ మాని, దళసరి కుట్టు అంచులను, రాగి మేకులను, జిప్పులను కోసి తీసివేయాలి. కాళ్ల భాగం నుండే పట్టీలు తీయాలి. కుట్టుయంత్రానికి 16 నంబరు సూది వేసినా, నాలుగు మడతలు కలిసే చోట చక్రాన్ని చేతితో తిప్పాలి. అయినా ఆమె రెండు సూదులు విరగగొట్టుకున్నది. నడుమ దూది పరచకూడదు, మోయలేము. అడుగున పాత నేతచీర చాలు. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు బొంత రెండున్నర కిలోలు తూగింది.

ఈ మాట ఒక సమావేశంలో చెప్పినప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది నవ్వుతో వచ్చింది: వ్యవసాయ శాస్త్రవేత్తకు బొంతలతో పనేమిటని. ‘గంతకు తగ్గ బొంత’ అని సామెతలో చేర్చి బొంతను తక్కువ చేసిన జాతి మనది. రెండవది గట్టిది: పాతబట్ట ఎక్కువకాలం మన్నితే కొత్తబట్టకు గిరాకీ తగ్గి, నష్టపోయేది పత్తి రైతే కదా? దీనిపై చాలాకాలం ఆలోచించాను. మన అంగళ్లలో చలికాలం అమ్ముడుపోయే మెత్తని రంగురంగుల రగ్గులలో అత్యధికం పాలియెస్టర్. జీన్స్ బొంత ఇంటికి వస్తే ఆగిపోయేది ఆ రగ్గు కొనుగోలే గాని మరో పత్తిగుడ్డ కాదు. రైతుకు పోటీ పాతపత్తి కాదు, పెట్రోలియం నుండి వచ్చే పోగు. అయితే ఉతికి వాడుకోగల పాత జీన్స్ ధర మరీ చౌకై కొత్త జీన్స్ అమ్మకాన్నే తగ్గించే చోట ఈ వాదన చెల్లదని ఒప్పుకుంటాను.

బొంత కూడా చివరికి చిరుగుతుంది. అప్పుడు కంపోస్టు గుంతలో వేయవచ్చుననేవారు ఒక జాగ్రత్త పాటించాలి. పత్తిగుడ్డలో కర్బనం మెండు, నత్రజని దాదాపు శూన్యం. పేడ, పచ్చిరొట్ట పుష్కలంగా కలపకపోతే అది గుంతలోని నత్రజనిని తానే లాగుకుంటుంది. పాలియెస్టర్ కుట్టుదారం ఎలాగూ కుళ్లదు, ఏరి తీయవలసిందే.

సామాజిక విజ్ఞాన కళాశాలల్లో దీనిని బోధనాంశం చేయమని నా సూచన. కానీ మహిళా సంఘాలకు ‘ఆదాయ పథకం’గా అంటగట్టవద్దు. మా వీధి ఆమె మూడు రోజులు పనిచేసింది. ఆమె అడిగిన కూలి, విరిగిన సూదులతో సహా, అంగడిలోని పాలియెస్టర్ రగ్గు ధరకంటే ఎక్కువైంది. నేను ఇచ్చాను. ఎంతమంది ఇస్తారన్న ప్రశ్నకు జవాబు తెలిసేవరకు ఆ పథకాన్ని ఎవరి నెత్తినా పెట్టకూడదు. ఈ ఏడు వసతిగృహం ఖాళీ అయ్యేలోపు, పారవేసే జీన్స్‌ను తూచి, సాగేవి ఎన్ని, సాగనివి ఎన్ని అని వేరుచేసి నమోదు చేయమని మా విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించాను.